పాప కోపానికి జవాబు

రామచంద్రపురం నుంచి రాజమండ్రి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నతను చేతివేళ్లు తిప్పుతూ ఏదో సాధన చేస్తున్నాడు. కడియం నుంచి మొక్కలు తీసుకెళ్లే లారీకి డ్రైవరట. కూతురికి పుట్టుకతోనే వినపడదు. అలాంటి పిల్లల తల్లిదండ్రులకు ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో సైగల భాష నేర్పుతున్నారని చెప్పాడు.

“మొన్న మా పాప ఏడుస్తూ సైగలతో నన్ను తిట్టిందండి. ఎప్పుడు చూసినా లారీలోనే ఉంటానంట.” అతని ముఖంలో సంతోషం దాగలేదు. “పిల్లకి ఎనిమిదేళ్లండి. ఎందుకేడుస్తుందో నాకు తెలియడం ఇదే మొదలు.”

“మరి మీరేమన్నారు?”

“అప్పటికి నాకు అన్ని మాటలు రావండి. నిన్న టీచర్ గారినడిగి నేర్చుకున్నాను.”

కడియంలో దిగాడు. స్టాపులో తల్లి పక్కన నిలబడ్డ పాప ముందు మోకాళ్ల మీద కూర్చుని, మెల్లగా చేతులు కదిపాడు. పాప అతని చూపుడువేలు పట్టుకుని సరిచేసింది. అతను మళ్లీ మొదటినుంచి చెప్పాడు.