తెల్ల పురుగుల మూడు తరాలు

నంద్యాలలో డిగ్రీ కాలేజీలో చేరినప్పుడు నాది డెమాన్‌స్ట్రేటర్ ఉద్యోగం. కప్పను కోసి పిల్లలకు చూపించడం, సీసాల్లో ఫార్మలిన్ మార్చడం నా పని. పరిశోధన ఆడవాళ్ల పని కాదని మా జంతుశాస్త్ర శాఖాధిపతి మొదటి వారంలోనే చెప్పాడు. విన్నాను గానీ ఒప్పుకోలేదు.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. శనివారం సాయంత్రం బస్సెక్కి ఆళ్లగడ్డలో అమ్మ దగ్గరికి పోయేదాన్ని. నాయన పోయాక, మిషన్ బడిలో పాఠాలు చెప్పి నన్ను చదివించిన మనిషి ఆమె. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక పత్తిచేని గట్టు మీదుగా వస్తుంటే, పగిలిన కాయల మీద గుంపు కట్టిన ఎర్ర పురుగుల మధ్య నాలుగు తెల్లవి కనబడ్డాయి. చీర కొంగులో మూటగట్టి తెచ్చాను.

సోమవారం వాటిని శాఖాధిపతికి చూపించాను.

"ఇప్పుడే కుబుసం విడిచినట్టుందమ్మా. కాసేపటికి ఎర్రబడతాయి," అన్నాడు.

కుబుసం విడిచిన పురుగు తెల్లగా ఉంటుందని నాకూ తెలుసు. కానీ నా పురుగులు గురువారానికి కూడా తెల్లగానే ఉన్నాయి. రోగమన్నాడాయన. రోగమో, పుట్టుకతో వచ్చిన గుణమో తేల్చాలంటే పిల్లల్ని పెట్టించి చూడాలి. తెల్లవాటిని ఎర్రవాటితో జత కలిపి, స్టోర్ గదిలో గాజు సీసాల్లో పెట్టాను. నానబెట్టిన పత్తిగింజలే వాటి తిండి. పిల్లలన్నీ ఎర్రగా పుట్టాయి, ఎర్రగానే పెరిగాయి.

"తెల్లది ఎక్కడికి పోయిందమ్మా?" అని శాఖాధిపతి స్టాఫ్‌రూములో అందరి ముందు అడిగి నవ్వాడు.

"లోపల దాక్కుంది సార్. ఈ పిల్లల్ని వాటిలో వాటికే జత కలిపితే బయటికి వస్తుంది."

"సీసాలు పారేసి గది ఖాళీ చెయ్యి."

పారేయలేదు. ఎర్ర పిల్లల్ని వాటిలో వాటికే జత కలిపి, సగం సీసాలు సంచిలో సర్దుకొని ఆళ్లగడ్డకు తీసుకుపోయాను. అమ్మ ఒక సీసా ఎత్తి వెలుతురులో తిప్పి చూసింది.

"ఏందే ఇది పాపా? చేలల్లో చంపే పురుగుల్ని ఇండ్లో సాకుతావా?"

"గింజలు నానబెట్టి ఎయ్యమ్మా, చాలు. వారానికోసారి నేనొచ్చి చూసుకుంటా."

"సచ్చిపోతే నన్ను అడగాకు," అంది. అంటూనే వంటింటి గూట్లో డబ్బాలు పక్కకు జరిపి చోటు చేసింది.

క్రిస్మస్‌కు ఇంటికి పోయినప్పుడు సీసాల్లో ఇంకా గుడ్లే ఉన్నాయి. సెలవులయ్యాక కాలేజీకి పోతే స్టోర్ గదంతా పురుగుల మందు వాసన. సీసాల్లో పురుగులు వెల్లకిలా పడి ఉన్నాయి. మా అటెండర్ తలుపు దగ్గర తల వంచుకొని నిలబడ్డాడు.

"సారు కొట్టమన్యాడు మేడమ్. నేనేం జేసేది?"

ఆ సీసాలు కడిగి ఆరబెట్టాను.

ఆ శనివారం ఆళ్లగడ్డలో బస్సు దిగి ఇంట్లో అడుగు పెట్టేసరికి అమ్మ గుమ్మంలోనే చెప్పింది.

"నీ పురుగుల గుడ్లు పగిలి పిల్లలొచ్చినాయి పాపా. ఎర్రవాటిల్లో తెల్లవి గూడా ఉండాయి. నా కండ్లకు సత్వారం వచ్చిందేమో అనుకొని మళ్లా ఎంచినా. నాలుగింట్లో ఒకటి తెల్లదే."

నేల మీద కూర్చొని సీసా సీసా ఎంచాను. అమ్మ లెక్క సరిగ్గా ఉంది. క్లాసులో బోర్డు మీద రాసి చూపే వంశపారంపర్య సూత్రం మా వంటింట్లో ప్రాణంతో పాకుతూ ఉంది.

వ్యాసం రాసి శాఖాధిపతి బల్ల మీద పెట్టాను. రెండు పేజీలు చదివి, కలం తీసి నా పేరుకు పైన తన పేరు రాసుకోబోయాడు. కాగితాలు లాక్కున్నాను.

"ఈ పురుగుల్ని చంపించినవాళ్ల పేరు దీని మీద ఉండదు సార్."

"నీకు ప్రమోషన్ ఎట్లా వస్తుందో చూస్తా."

"చూడండి," అన్నాను.

ఆయన అన్న మాట నిలబెట్టుకున్నాడు. నా తర్వాత చేరినవాళ్లు లెక్చరర్లయ్యారు, నేను డెమాన్‌స్ట్రేటర్‌గానే ఉండిపోయాను. వ్యాసం మాత్రం ఏడాది తర్వాత ఒక చిన్న పత్రికలో నా పేరుతోనే అచ్చయింది. దాన్ని చదివిన వేరే ఊరి ప్రొఫెసరు ఒకాయన పిలిచి తన దగ్గర చేర్చుకున్నాడు. ఎనభైల మధ్యలో, ఆ తెల్ల పురుగుల్లో రంగు ఏ దశలో ఆగిపోతుందన్న దాని మీదే డాక్టరేటు తెచ్చుకున్నాను. ఆ మొదటి వ్యాసం అచ్చుకు పోకముందు, అందులో అమ్మకు కృతజ్ఞతలు చెప్పిన వాక్యాన్ని తీసేయమని పత్రికవాళ్లు రాశారు. తీయనని జవాబు రాశాను. అది అట్లాగే అచ్చయింది.