చెంప మీద పసుపు

రాజాంలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో చేరిన కొత్తలో, ఫోన్‌లో పాఠాలు చూసి కలర్ గ్రేడింగ్, అంటే వీడియోలో రంగులు సరిచేయడం, నేర్చుకున్నాను. బాగా తెలిసిన ముఖంతో మొదలుపెట్టమన్నారు ఆ పాఠాల్లో. ఆ ఊళ్లో నాకు తెలిసిన ముఖం నాదొక్కటే. గదిలో కెమెరా పెట్టి నన్ను నేనే తీసుకున్నాను. బల్బు వెలుగుకి ముఖం పసుపుపచ్చగా వచ్చింది. ఆ పచ్చదనం పోయేదాకా తగ్గించడం నేర్చుకున్నాను.

అదే పద్ధతిలో ఒక పెళ్లికూతురి వీడియో సరిచేసి పంపాను. మర్నాడు ఆవిడ పిన్ని ఫోన్ చేసింది.

"ఏటి బాబూ, మంగళస్నానానికి మా పిల్లకి అంత పసుపు రాసినామా, సుక్కయినా కనిపించదేటి? జొరమొచ్చినట్టున్నాది!"

తల కొట్టేసినట్టయింది. పసుపు ఒంటి మీద ఎలా ఉంటుందో కూడా తెలియని నా బతుకు మీద ఒళ్లు మండింది. కూరలోకి తెచ్చుకున్న పసుపే తడిపి చెంపలకి రాసుకుని, మళ్లీ కెమెరా ముందు కూర్చున్నాను. ఈసారి బల్బు పచ్చదనం పోయింది, పసుపు మిగిలింది.

ఆ సంబరంలో ముఖం కడుక్కోకుండానే టీ కొట్టుకి వెళ్లాను. టీ తాగడం అయిపోయింది. "ఏటి బావా, పెళ్లా?" అని ఒక్కరైనా అడుగుతారేమోనని ఇంకో టీ చెప్పాను.