అష్టూరు గుమ్మటాల కింద నల్లపూసలు

బీదరు పక్కన అష్టూరులో, పాత పాదుషాల గోరీల మీద కట్టిన గుమ్మటాల్లో అడుగు పెట్టగానే పాత సున్నం వాసన, గబ్బిలాల వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. మొన్న చుట్టాలకు చూపించడానికి వెళ్ళి, ఆ వాసనకే గుమ్మంలో ఆగిపోయాను. చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది, నల్లపూసలు ఉన్నాయో లేవో చూసుకోవడానికి. ఈ అలవాటు నాకు సుగుణమ్మ టీచరు వల్ల వచ్చింది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు కనుక చెబుతాను.

బీదరులో మా చర్చి వెనక సందులో ఉండేది. ఆదివారం బడిలో మాకు బైబిలు కథలు చెప్పేది. పాడితే శ్రుతి తప్పేది, తప్పినా ఆపేది కాదు. జనవాడలో బడిపంతులుగా ఉండిన భర్త నా చిన్నప్పుడే పోయాడు. అయినా ఆమె మెడలో నల్లపూసలు అలాగే ఉండేవి. ఊరి నోటికి అంతకంటే పని ఏం కావాలి? బజారులోని షావుకార్ల ఇంటివాళ్ళు ఆమె ఎదురైతే మొహం తిప్పుకునేవారు. మావాళ్ళూ తక్కువ తినలేదు. ప్రభువును నమ్ముకున్నారు గాని శకునాలను వదులుకోలేదు.

నాకు పెళ్ళి కుదిరేనాటికి మాది ఇంకా కర్ణాటక కాలేదు, మైసూరు రాష్ట్రమే. కొత్తగా వచ్చిన పాస్టరు గారు నల్లపూసలు అన్యుల ఆచారమనీ, అవి వేసుకుంటే పెళ్ళి జరిపించననీ చెప్పేశారు. మంగళగి అనే ఊరి నుంచి కాబోయే అత్తగారు, పూసలు లేని కోడలు తన గడప తొక్కడానికి వీల్లేదని కబురు పంపింది. ఆమె కూడా క్రైస్తవురాలే. ఇద్దరూ ప్రభువు పేరే చెప్పారు. మధ్యలో నాకు అన్నం సహించలేదు. పెళ్ళి ఆగిపోతుందన్న భయం ఒకటి. నేను అసలు క్రైస్తవురాలినేనా అన్న భయం ఇంకొకటి, అది పైకి అనడానికే జంకాను.

ఈస్టరు మరునాడు చర్చివాళ్ళం అన్నాలు కట్టుకొని అష్టూరు వెళ్ళేవాళ్ళం. ఆ ఏడు అందరూ తింటుంటే టీచరు నన్ను పెద్ద గుమ్మటంలోకి తీసుకెళ్ళింది. పక్కనే ఇంకో గుమ్మటం సగం కూలి నిలబడి ఉంది. అది చూసి వచ్చానేమో, ఇది కూడా నెత్తిన పడుతుందని నాకు ఒకటే దడ. ఆమె మాత్రం పైకప్పు మీద వెలిసిపోయిన రంగులను తీరిగ్గా చూసింది.

"ఈడ పన్నది పాదుషా. ఆయన ఉర్సు జాతరకు ముందల నడిచేది లింగాయతుల జంగమయ్య. మన పక్కింటి బీబీ మెడల గూడ నల్లపూసలే. ఇవి ఎవలియని చెప్తవు బిడ్డా?"

"పాస్టరయ్య అన్యులవి అంటుండు గదా. మరి మీరెందుకు తీయలే టీచరమ్మా?"

ఆమె పూసలు తడుముకుంది.

"మా ఆయనను మట్టిల పెట్టేటప్పుడు మల్ల లేస్తడని సదివిండ్రు. నేను నిజమే అనుకున్న. లేచేటోనికి పూసలెందుకు తెంపాలె?" అంది. తరువాత గొంతు తగ్గించింది. "ఒక్కోపారి నాకూ బుగులైతది, లేస్తడో లేడోనని. అప్పుడు ఇవి పట్టుకుంట."

మరునాడు ఆమెను వెంటబెట్టుకొని పాస్టరు గారి దగ్గరికి పోయాను. ఆమె ఆ మాటే ఆయనకూ చెప్పింది. ఎందరినో ఆ వాక్యం చదివే మట్టి చేసిన మనిషి ఆయన. చివరికి పెళ్ళి ప్రార్థన చేస్తానన్నారు. పూసలు మాత్రం చర్చి బయట కట్టుకోమన్నారు.

పెళ్ళినాడు చర్చి మెట్ల మీద, పూసలు కట్టేది ఎవరన్న మాట వచ్చింది. టీచరమ్మే కట్టాలన్నాను. విధవ చెయ్యి అని అత్తగారి మొహం పాలిపోయింది. పూసలు కావాలని పట్టుబట్టింది తనే కనుక కాదనలేకపోయింది. ఆ వేళ్ళు మెడకు తగిలినప్పుడు నాకూ చెమటలు పట్టాయి. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఇంటికి రావడం కాస్త ఆలస్యమైనా ఆ వేళ్ళే గుర్తొచ్చేవి. ఆయన మాత్రం నాతో ముసలితనం దాకా ఉన్నారు.

టీచరును పూసలతోనే మట్టి చేశాం. పోయిన వానాకాలం మా ఆయన వెళ్ళిపోయారు. చర్చి సమాధుల తోట నుంచి తిరిగి రాగానే మా ఆడబిడ్డ నా మెడ మీద చెయ్యి వేసి, తియ్యాలె వదినా అంది. పూసలను గుప్పిట పట్టుకున్నాను.

"మల్ల లేస్తడని ఇప్పుడే గదా సదివిండ్రు," అన్నాను.

ఆడబిడ్డ చెయ్యి తీసేసింది. అన్నదైతే అన్నాను గాని, సుగుణమ్మ టీచరుకున్నంత నమ్మకం నాకుందో లేదో ఇప్పటికీ తెలియదు. తెలియని పూటల్లా పూసలు పట్టుకుంటాను.