పాపక్క గీసిన సున్నపు బాణం

సోగత్తూరు పంచాయతీకి రెండు తడవలు గెలిచినవాణ్ణి, ఊళ్లోకి మొదటి కరెంటు స్తంభం తెప్పించినవాణ్ణి నేను. అయినా ఎద్దులకు లాడాలు కొట్టే నంజప్ప గురించి రాయాలంటే, అతనిచేత ఒక రాయి తిప్పించిన సంగతే ముందు చెప్పాలి.

నంజప్ప కొట్టం హైరోడ్డు పక్కన ఉండేది. ఎనభై మూడులో రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. చెరుకుతోట వెనక ఇంకొకటి వేసుకున్నాడు. తొప్పూరు వైపు నుంచి ఎద్దులు తోలుకొచ్చే రైతులు మాత్రం పాతచోటికే వచ్చి నిలబడేవాళ్లు. అందుకని అతని భార్య పాపక్క అక్కడ ఒక చదును రాయి వేసి, వక్కాకు సున్నంతో తోట వైపుకు బాణం గీసింది. వాన కరిగిస్తే మళ్లీ గీసేది. చదువు రానివాళ్లకూ దారి తెలిసేది.

మరుసటి ఏడు తోట ఆసామి చోటు ఖాళీ చేయమన్నాడు. నంజప్ప పాలకోడు దారిలోకి మారాడు. ఆ నెలలోనే పాపక్క కామెర్లతో పోయింది. నంజప్ప తోట దగ్గర ఇంకో రాయి పెట్టి, కొత్తచోటికి తానే బాణం గీశాడు. మొదటి రాయిని ముట్టలేదు.

ఎద్దులు రావడం తగ్గింది. సంతలో సీనప్ప అనే రైతును నిలదీశాను.

"ఏమప్పా, నంజప్పను మరిచినారా?"

"రాయి చూపిన దారినే పోతిమి అన్నా. తోటలో ఒట్టి బూడిద. పెండ్లాం పోయినంక పని మానినాడనుకొని వెనక్కి తోలుకొచ్చినాము."

"ఇంకో రాయి ఉందే!"

"ఉంటే? కుంటే ఎద్దును పెట్టుకొని రాళ్లు ఎతుకుతా తిరగాల్నా?"

నంజప్ప దగ్గరికి పోయాను. కొలిమిలో నిప్పు లేదు.

"మొదటి రాయే నేరుగా ఇక్కడికి చూపాలరా. లేకుంటే ఈ పని పోయె. బెంగళూరుకు కూలికి పోతావా?"

"అది ఆమె గీసింది మామా. చెరిపేదానికి చెయ్యి రాలేదు."

"చెరపమని ఎవరు చెప్పినారు? రాయిని తిప్పు."

గడ్డపార తీసుకొని నా వెనకే వచ్చాడు. తిప్పాడు. టౌన్ బస్సు కండక్టర్లకు నేనే చెప్పిపెట్టాను. నా మాట కాదనరు. తొప్పూరు వాళ్లు నంజప్ప ఎక్కడని అడిగితే పాలకోడు దారి అనేవాళ్లు.

మరుసటి సంతకు ఎద్దులు వచ్చాయి.

"దొరికినావురా, దొంగా!" అని సీనప్ప నవ్వాడు. నంజప్ప నవ్వలేదు. ఎద్దును పడేసి, కాళ్లు కట్టి, మేకులు దిగగొట్టాడు.

ఆ ఏడు మొదటి వానకు పాపక్క గీసిన బాణం కరిగింది. నంజప్ప సున్నపు డబ్బీ తీసుకుపోయి, మిగిలిన మరక మీదే వేలితో గీసి వచ్చాడు. చెయ్యి కడుక్కొని, కొలిమి ఊదసాగాడు.