అత్తయ్య ప్రార్థనలో నా ఫైలు

పెళ్లయ్యాక శంషాబాద్‌లో మా అత్తగారింట్లోనే ఉంటూ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టంలో, అడిగిన ఫైలును వెతికి ఇచ్చే భాగం ఒకటి ఉంటుంది. దాన్ని బాగుచేయడం నా పని. ఆ సంగతి అత్తయ్యకు తెలియదు. రోజంతా గదిలో కూర్చుని టైపు చేసే కోడలికి మధ్యమధ్య టీ ఇచ్చి, తలుపు మెల్లగా వేసి వెళ్లేది.

ఒక వేసవిలో ఒక తప్పు నన్ను బాగా ఏడిపించింది. ఒక ప్రోగ్రాం ఏదో ఫైలు పేరు మారుస్తుండగా, సరిగ్గా అదే క్షణంలో ఇంకో ప్రోగ్రాం వేరే ఫైలును అడిగితే, ఒక్కోసారి ‘లేదు’ అని జవాబు వచ్చేది. ఫైలు మాత్రం ఉన్నచోటే ఉండేది. వెతికే వరుస మధ్యలో మారిపోవడంతో వెతుకులాట దారి తప్పుతోందని అనుమానం. ఎక్కడ తప్పుతోందో చూద్దామని కోడ్ నడుమ నాలుగు లైన్లు రాస్తే, ఆ కాస్త ఆలస్యానికే తప్పు మాయమయ్యేది. వాటిని తీసేస్తే మళ్లీ వచ్చేది.

అన్నం ముందు పరధ్యానంగా కూర్చున్న నన్ను చూసి అత్తయ్య అడిగింది.

“ఏందిర బిడ్డా, గట్ల కూసున్నవ్? జర తిను.”

“ఫైలు ఉంది అత్తయ్యా. వెతికితే మాత్రం లేదంటోంది.”

“గంత పరేషాన్ ఎందుకు? దొర్కుతది తీయ్.”

అంతటితో ఊరుకుందనుకున్నాను. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే వేళకు లేచి నిలబడింది. “మా కోడలి ఫైలు దొర్కుతలేదు. పిల్ల తిండి మానేసింది. అందరు ప్రార్థన చేయండ్రి” అంది. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను తల వంచుకుని పెదవి కొరుక్కున్నాను.

బయటికి రాగానే గగన్‌పహాడ్ నుంచి వచ్చే ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. “ఏ సర్వే నంబరు బిడ్డా? మా తమ్ముడు భూముల పని మీద ఆఫీసులల్ల తిరుగుతనే ఉంటడు. అడిగిస్త.”

ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఫైలు అంటే భూమి కాగితమే మరి! అది కంప్యూటర్లో ఫైలని నేను చెప్పేసరికి అందరికంటే ముందు అత్తయ్యే నవ్వింది. ఆటోలో కూర్చున్నాక కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. నాలుగు రోజులుగా బిగుసుకుపోయిన నా మెడ కూడా ఆ నవ్వుతో సడలింది.

మర్నాడు ఆ పాత పద్ధతి వదిలి, వేరేలా ప్రయత్నించాను. వెతుకులాట సాగుతుండగానే పేరు తప్పకుండా మారేలా, అనుమానమున్న చోట కావాలనే పెద్ద ఆలస్యం పెట్టాను. అప్పుడు తప్పు ప్రతిసారీ దొరికింది. ఏ ఫైలు పేరు మారినా సిస్టం లోపల గుర్తుగా ఒక అంకె పెరుగుతుంది. ‘లేదు’ అని చెప్పే ముందు, వెతకడం మొదలైనప్పటి అంకె మారిందేమో చూసుకోవాలి. మారితే మళ్లీ వెతకాలి. కోడ్‌లో ఒక దారిలో మాత్రం ఆ చూసుకోవడం లేదు. అక్కడ చేర్చాను.

సరిచేసింది రోజంతా ఆగకుండా నడవాలి, అప్పుడే నమ్మకం. ఆ శనివారం అత్తయ్య ల్యాప్‌టాప్ పక్కనే కుర్చీ వేసుకుని పప్పు ఏరుతూ కూర్చుంది. మిక్సీ పెట్టబోయిన మామయ్యను కేకేసింది. “ఆగుండ్రి, కరెంటు పోతే పిల్ల కష్టమంత ఆగమైతది!”

సాయంత్రం దాకా ఒక్క తప్పూ రాలేదు. నేను ఊపిరి పీల్చుకుని వెనక్కి వాలితే, అత్తయ్య తెర మీది అక్షరాల వైపు చూసింది.

“నువ్వు గిది బాగుచేసినవని ఎవరికన్న తెలుస్తదా?”

“తెలియదు అత్తయ్యా. ఎవరి ఫైలు వాళ్లకు దొరుకుతుంది, అంతే.”

“నాకు తెల్సు గద” అని లేచి వంటింట్లోకి వెళ్లింది. మామయ్యను పంపి హిమాయత్ సాగర్ చేపలు తెప్పించి పులుసు పెట్టింది. ఎప్పుడూ మామయ్యకు వేసే తలకాయ ముక్క ఆ పూట నా కంచంలో వేసింది. నాకు తలకాయ తినడం రాదు. ముళ్లు ఎలా తీయాలో పక్కన కూర్చుని చూపించింది.