కుండీలో గరిక

ఈసారి వినాయక చవితి ముందురోజు బెంజ్ సర్కిల్ దగ్గర పత్రి అమ్ముతున్నావిడ "గరిక తీసుకోండి సార్, ఇరవై ఒక్క పోచలూ లెక్కపెట్టి కట్టానండీ" అంది. కట్ట అందుకున్నాను. లెక్క అన్న మాట వింటే నాకు మా పిన్ని గుర్తొస్తుంది.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. పెళ్లి చేసుకోలేదు; తాతయ్య పోయాక అమ్మమ్మతో పాటు మా ఇంట్లోనే ఉండేది. కృష్ణ మధ్యనున్న ఒక లంకలో సహజంగా పుట్టి గింజ కట్టే మొక్కలన్నిటి క్రోమోజోములూ లెక్కపెట్టాలన్నది ఆవిడ పట్టుదల. "ప్రతి జాతికీ కణంలో ఇన్ని పోగులని ఒక లెక్కుంటుందిరా. పైకి ఒకేలా కనిపించేవి ఆ లెక్క దగ్గర విడిపోతాయి" అనేది. పొద్దున్నే లేత వేరు కొసలు కోసి, స్పిరిట్టూ వెనిగరూ కలిసిన వాసన కొట్టే సీసాలో వేసి, తర్వాత వాటికి ఎర్ర రంగు పట్టించి, గాజుపలకల మధ్య పెట్టి బొటనవేలితో నొక్కి, మైక్రోస్కోపులో చూసి పోగులు లెక్కపెట్టేది. ఆ సీసాలకీ ఆవకాయ జాడీలకీ ఒకటే అలమర కావడంతో మేం ఏ మూత తీసినా ముందు వాసన చూసుకునేవాళ్లం. రంగంటిన ఆవిడ గోళ్లు చూసి పక్కింటివాళ్లు గోరింటాకనుకుని, సంబంధం కుదిరిందాండీ అని అమ్మమ్మని అడిగేవారు. ఆ పూట అమ్మమ్మ అన్నం సరిగా తినేది కాదు.

లంక మొక్కలన్నీ అయ్యాయి, ఒక్క గడ్డి తప్ప. చూడ్డానికి అచ్చం గరికే. కాదని పిన్ని అనుమానం. గరిక కంటే రెట్టింపు పోగులుంటాయని ఆశ. మొదటిసారి కోసిన వేళ్లలో పోగులన్నీ ముద్దగా అతుక్కుపోయి లెక్కకు రాలేదు. ఇంతలో వరదొచ్చి, ఆ గడ్డి ఉన్న ఒడ్డు కాస్తా విరిగి కృష్ణలో కలిసిపోయింది. నీళ్లు తీశాక పిన్ని పడవ మాట్లాడుకుని లంకంతా వెతికింది. దొరకలేదు. ఇక మిగిలింది వరదకు ముందే తను లంక నుంచి తెచ్చి పెరట్లో కుండీలో నాటిన ఒక్క దుబ్బే. రోజూ తనే నీళ్లు పోసేది. కొత్త వేళ్లు దిగుతున్నాయి, పండగ వెళ్లగానే కోద్దామనుకుంది.

చవితినాడు పూజలో అందరం కూర్చున్నాం. అమ్మమ్మ ముందున్న పళ్లెం చూసి పిన్ని మొహం పాలిపోయింది.

"అమ్మా, ఈ గరిక ఎక్కడిది?"

"నీ కుండీలోదేనే. దుబ్బంతా వేళ్లతో ఊడొచ్చేసింది. వేళ్లు కోసేసి చెత్తబండిలో వేయించాను. దేవుడూ లేడు దయ్యమూ లేదనేదానివి, ఇన్నాళ్లకి పూజ కోసం నీ చేత్తో గరిక పెంచావు కదా అని ఎంత సంతోషమేసిందో తల్లీ!"

చెత్తబండి ఎప్పుడో వెళ్లిపోయింది. పిన్ని పళ్లెంలోని పోచల వైపు ఒకసారి చూసింది. "అవునమ్మా, పూజకే" అని అక్షింతలు అందుకుంది.

పూజయ్యాక పసుపంటిన పోచలు ఏరి, మళ్లీ వేళ్లు పుడతాయేమోనని తడి ఇసుకలో గుచ్చింది. అవి ఎండిపోయాయి. ఆవిడ పరిశోధన ఆ గడ్డి లేకుండానే అచ్చయింది. అమ్మమ్మ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, ఎవరితోనూ చెప్పుకోలేని కోపం. పిన్ని మాత్రం అదే కుండీలో మామూలు గరిక నాటి, ఏటా చవితికి తనే కోసిచ్చేది. "మా అమ్మాయి పెంచిన గరికండీ" అని అమ్మమ్మ వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేది. అమ్మమ్మ పోయాక కూడా పిన్ని ఆ కుండీకి నీళ్లు పోయడం మానలేదు.

మొన్న వేసవిలో పిన్నీ పోయింది. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని "రెట్టింపే అయ్యుంటుందిరా" అంది. దేని గురించని నేను అడగలేదు.

కట్ట ఇంటికి తెచ్చి విప్పి చూశాను. సరిగ్గా ఇరవై ఒకటే ఉన్నాయి. అన్నిటినీ లెక్క తేలేదాకా కాలం మన దగ్గర ఉంచదు.