అప్ప ఎడమ పక్క

నేను ఇంతకాలం రాయలేకపోవడానికి కారణం మా అప్ప ఎడమ చెవి.

అప్ప అంటే మా అక్క. చిన్నప్పుడు జ్వరం వచ్చి తగ్గాక అప్పకి ఆ చెవి వినబడటం మానేసింది. బెంగాల్లో ఓడరేవు పక్కన ఖిదిర్‌పూర్‌లో మా ఇంటి నుంచి బడికి వెళ్లాలంటే ట్రాము పట్టాలు దాటాలి. ఎడమ పక్క నుంచి ట్రాము గంట కొట్టినా ఆమెకి తెలిసేది కాదు. అందుకని అమ్మ నన్ను అప్పకి ఎడమ పక్కన నడవమంది. ఆమెని బడి గేటు దగ్గర దింపి, నాన్నకి అన్నం క్యారేజీ పట్టుకుని ఆయన పనిచేసే డాక్ గేటుకి పోయేదాన్ని. సాయంత్రం మళ్లీ బడి గేటు దగ్గర నిలబడేదాన్ని. అప్ప పదో క్లాసు దాకా చదివింది. నేను గేటు దాకా చదివాను.

చెవి సంగతి తెలిస్తే పెళ్లి కుదరదని అమ్మ ఎవరికీ చెప్పనివ్వలేదు. పెళ్లయ్యాక అప్పే చెప్పలేదు. ఎవరైనా పిలిస్తే తల కొంచెం తిప్పి కుడి వైపు ఇచ్చేది. గర్వం అనుకునేవారు. అనుకోనిచ్చింది. ఇప్పుడు ఈ మాట రాస్తున్నానంటే అప్ప ఒప్పుకుంది కాబట్టే.

మా పాడాలో, అంటే మా పేటలో, పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పే క్లాసులు పెట్టినప్పుడు నేనూ వెళ్లాను. అక్కడ నేర్పేది బెంగాలీ. బజారులో ఆ భాష నాకు బాగానే వచ్చు, కానీ పెళ్లయి వెళ్లిన అప్ప ఉత్తరాలు తెలుగులో వచ్చేవి. నాలుగు రోజులకే మానేశాను. యాభై దాటాక మా చర్చి వెనక గదిలో పాస్టరమ్మ పిల్లలకి తెలుగు నేర్పుతుంటే వాళ్ల మధ్య కూర్చున్నాను. ఇంట్లో మాట్లాడే భాషని చదవడం రాని పిల్లలు, నేను, ఒకటే పలక. రెండేళ్లలో ఉత్తరం రాసే దాకా వచ్చాను. అది విశాఖపట్నంలో కూతురి దగ్గరున్న అప్పకి చేరేసరికి, షుగరు వల్ల ఆమె చూపు దాదాపు పోయింది. ఉత్తరం మనవరాలి చేత చదివించుకుంది. "నీ రాత నాను సూణ్నేదు కదే" అని ఫోన్లో ఏడ్చింది.

అప్పుడే అనుకున్నాను, చూడలేకపోతే వినాలి అని.

ఆ రోజుల్లో మా చర్చి ఆరాధనని కంప్యూటరు ద్వారా బయట ఊళ్ల వాళ్లకి వినిపించడం మొదలుపెట్టారు. తెలంగాణ నుంచి వచ్చి, మా నగరంలోనే సాల్ట్ లేక్‌లో ఉద్యోగం చేసే ఒక ఇంజనీరు ఆ పని తలకెత్తుకున్నాడు. ఒక ఆదివారం కీర్తన చదివే వంతు పాస్టరమ్మ నాకు ఇచ్చింది. అందరి ముందు పుస్తకం చూసి చదవడం నాకు అదే మొదటిసారి. అప్ప విశాఖలో కంప్యూటరు ముందు కూర్చుని వినాలి. ముందురోజు శనివారం మధ్యాహ్నం పరీక్ష పెట్టాం.

మా చర్చిలో గుమ్మం నుంచి చూస్తే ఎడమ పక్క ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు కూర్చుంటారు. కీర్తన ఒక వచనం చదివే మనిషి చదివితే, తర్వాతి వచనం అవతలి పక్క వాళ్లు అందుకుంటారు. ఆడమనిషి చదివితే మగవాళ్లు జవాబు చెప్పాలి. ఇంజనీరుకి ఈ పద్ధతి ఎంతో నచ్చింది. ఆడవాళ్ల వైపు ఒక మైకు, మగవాళ్ల వైపు ఒక మైకు పెట్టాడు. ఇది పూర్తిగా ఎడమకి, అది పూర్తిగా కుడికి పంపాడు.

"కండ్లు మూసుకొని ఇంటే చర్చిల కూసున్నట్టే ఉంటది ఆంటీ," అన్నాడు.

పాటల బృందం ఒక పాట పాడింది. కంప్యూటర్లో శబ్దం విశాఖ చేరడానికి అర నిమిషం పట్టేది. ఆగి, ఫోన్లో అప్పని అడిగాను.

"మగోళ్లే పాడతన్నారు. ఆడోళ్లకి ఇయ్యాల బందేటి?"

మళ్లీ పాడించాం. మళ్లీ మగవాళ్లే. ఇంజనీరు మైకులు అటూ ఇటూ మార్చాడు. ఈసారి అప్పకి ఆడవాళ్లు వినిపించారు, మగవాళ్లు మాయమయ్యారు.

"అంటే మైకు మంచిగనే ఉంది. ఎడమ లైనే ఖరాబు," అన్నాడు. మైకులు ఎప్పటిలాగే పెట్టేసి, ఎడమ వైరు మార్చాడు. మార్పు లేదు. తన హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. రెండు పక్కలూ వస్తున్నాయి. సాల్ట్ లేక్‌లోని స్నేహితుడికి ఫోన్ చేసి వినమన్నాడు. అతనికీ రెండూ చక్కగా, దేనికది విడిగా వినిపించాయి.

"మన దిక్కు తప్పు లేదు ఆంటీ. వాళ్ల కంప్యూటరే పాడైంది. రేపటిలోపు బాగు కాదు."

పాటల బృందంలో మా డాక్ పెద్దాయన ఒకాయన, క్రేన్ నడిపి రిటైరైన మనిషి, "పోనీ వదినా, నువ్వు మగోళ్ల మైకులో సదివీ. నానేటీ అనుకోను," అన్నాడు. అందరూ నవ్వారు. ఆడమనిషి అవతలి పక్క నిలబడి చదివే పద్ధతి మా చర్చిలో లేదు; నాకు నవ్వు రాలేదు.

ఫోన్ తీసుకుని బయట వరండాలోకి వెళ్లాను.

"అప్పా, ఎలగ వింటన్నావు? స్పీకరు పెట్టెలోంచా?"

"నేదే. ఈ మనవరాలు గుంట సెవుల్లో ఏవో పెట్టినాది. రెండిట్లోనూ."

ఇద్దరికీ ఒకేసారి సంగతి తెలిసింది. అప్ప గొంతు తగ్గించి, "పిల్ల పక్కనే ఉంది. ఒగ్గేయే. రేపు మగోళ్లని వింటాన్లే," అంది.

వైరు ఎక్కడా తెగలేదు. ఇంజనీరు పని మరీ బాగా చేశాడు, అంతే. ఆడవాళ్లందరినీ తీసుకెళ్లి మా అప్ప ఎడమ చెవిలో కూర్చోబెట్టాడు. ఇయర్‌ఫోన్లు అటుది ఇటు పెట్టుకోమంటే నా గొంతు వినిపిస్తుంది, కానీ జవాబు చెప్పే వాళ్లు పోతారు. సగం కీర్తన వినడానికా అప్ప కూర్చోవడం? పోనీ చెవి సంగతి ఇంజనీరుకి చెబుదామా అంటే, అది నాది కాదు.

లోపలికి వచ్చి అడిగాను. "బాబూ, ఇంట్లో ఇయర్ ఫోను తాడు ఒకటే ఉంటాది. అమ్మమ్మ ఒక సెవిలో, మనవరాలు ఒక సెవిలో పెట్టుకుంటారు. అప్పుడు ఎవులికి ఏటి వినబడతాది?"

అతను రెండు చెవులూ వేలితో తాకి లెక్క వేసుకున్నాడు. "ఒకరికి ఆడోళ్లు, ఒకరికి మగోళ్లు."

"మరి ఒక సెవిలో పెట్టుకుని వంట సేసుకునే దానికో?"

"ఆంటీ, ఎంత కష్టపడి విడదీసిన! కలిపేస్తే పాత రేడియో లెక్క అయితది."

"ఇక్కడ మధ్యలో దారి ఒగ్గి కూసుంటాం గానీ గోడ కట్టుకోనేదు బాబూ. నువ్వు కట్టినావు."

క్రేన్ పెద్దాయన గట్టిగా నవ్వేశాడు. ఇంజనీరు మిక్సర్ దగ్గర వంగి, రెండు మైకుల గుండ్రటి మీటలనీ చివర నుంచి వెనక్కి, మధ్య గీత దాకా తిప్పాడు. మనసొప్పక ఒకదాన్ని వెంట్రుకవాసి ఎడమకి, ఇంకోదాన్ని వెంట్రుకవాసి కుడికి ఉంచాడు. "ఇప్పుడు రెండు చెవులల్లో ఇద్దరూ ఉంటరు. పక్క మాత్రం కొంచెం తెలుస్తది. ఇంతకన్నా నేను దిగను."

"సాలు," అన్నాను.

నా మైకు ముందు నిలబడి కీర్తనలో మొదటి రెండు వచనాలు చదివాను. మగవాళ్లు జవాబు చెప్పారు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అర నిమిషం ఆగాను. ఇంకా ఆగాను. అప్ప ముక్కు చీదడం వినిపించింది.

"అప్పా, వొచ్చిందా?"

"వొచ్చింది. మగోళ్లూ వొచ్చారు. రెండో వచనంలో ఆ పొడుగు మాట కాడ తడుముకున్నావేటి? ఒత్తు సూసి బెదిరిపోయావా?"

"పదో క్లాసు గదా, నీకు తెలుస్తాది," అన్నాను.

"సదువు, సదువు. రాత్రికి పదిసార్లు సదువు," అంది అప్ప. చిన్నప్పుడు నేను గేటు బయట వింటూ ఉంటే, లోపల ఆమె టీచరు సరిగ్గా అదే గొంతుతో అనేది.

మర్నాడు ఉదయం అందరికంటే ముందు చర్చికి వెళ్లాను. మిక్సర్ మీది రెండు మీటలూ మధ్య గీత దగ్గరే ఉన్నాయో లేదో వంగి చూసుకున్నాను. నా వంతు వచ్చినప్పుడు లేచి ఎడమ పక్క మైకు ముందు నిలబడి, పుస్తకం తెరిచి, ఆ పొడుగు మాట దగ్గర ఆగకుండా కీర్తన చివరిదాకా చదివాను.